ఇంటర్వెల్ గంటకు ఆరు సోడాలు

నబీ రసూల్‌కు కోపం వస్తే సీసాల్లో గోలీలు వాటంతట అవే కిందికి దిగుతాయని ప్రొద్దుటూరులో చెప్పుకునేవారు. ఒకసారి పెన్న ఏటిలో దారికి అడ్డంగా పడుకున్న ఎనుమును ఈ గట్టు మీద నిలబడి తిడితే, అది లేచి ఆ గట్టుకు ఈదుకుంటూ పోయి, మళ్లీ ఇటు రానని మొరాయించిందట. యజమాని చేసేది లేక దాన్ని ఆ గట్టు ఊరిలోనే అమ్ముకున్నాడట. గేదె సంగతి ఎవరి ఇష్టం వచ్చినట్లు వాళ్లు నమ్మవచ్చు. కోపం సంగతి మాత్రం ఊరందరికీ తెలిసిన నిజం.

ఆ కోపం అతనికి పన్నెండో ఏట పట్టుకుంది. పుట్టింది జమ్మలమడుగులో. గాజులు అమ్ముకునే తండ్రి పోయాక, పిల్లవాణ్ణి ఒక సోడా అంగడిలో చక్రం తిప్పే పనికి పెట్టారు. చేరిన మూడో రోజే చేతిలో సీసా పేలి ఎడమ కనుబొమ్మ సగం ఎగిరిపోయింది. పిల్లవాడు ఏడవలేదు. నెత్తురు కారుతున్న ముఖంతో పగిలిన సీసా ముక్కలను వరసగా పేర్చి, ఒక్కొక్క ముక్కను విడివిడిగా తిట్టాడు. యజమాని అది చూసి, వీడు ఈ వృత్తిలో నిలబడతాడని అన్నాడట. నిలబడ్డాడు. ఇరవై అయిదేళ్లు వచ్చేసరికి ఆ యజమాని పాత మిషనును తనే కొన్నాడు. ప్రొద్దుటూరుకు బయలుదేరిన ఎద్దుల బండిలో ముందు మిషను, దాని పక్కన గ్యాసు సిలిండరు, వెనక కొత్త పెళ్లాం అజ్మత్ బీ. దారి పొడుగునా బండి కుదిపినప్పుడల్లా అతను వెనక్కి తిరిగి సిలిండరుకు ఏమన్నా అయిందా అని చూశాడే గాని, తనను ఒక్కసారీ చూడలేదని అజ్మత్ బీ ముసలితనం దాకా దెప్పుతూనే ఉంది.

ప్రొద్దుటూరులో వాళ్ల పని తెల్లవారక ముందే మొదలయ్యేది. అజ్మత్ బీ ఇంటి వెనక బావిలో నీళ్లు చేది, పలచని గుడ్డలో వడకట్టి, సీసాలు నింపేది. నబీ రసూల్ గోనెపట్టా ఒంటికి చుట్టుకొని, ఒక్కొక్క సీసాను ఇనుప బోనులో బిగించి, గ్యాసు వదిలి చక్రం తిప్పేవాడు. బోను గిరగిరా పల్టీలు కొట్టేది. గ్యాసు తోపుకు లోపలి గోలీ లేచి సీసా మూతికి బిగుసుకునేది. ఇంక దాన్ని బొటనవేలితో నొక్కి దించేదాకా బొట్టు బయటికి రాదు.

ఆ గోలీ మీదే ఊరి ఆచారం ఒకటి నిలబడి ఉండేది. బంగారు అంగళ్ల వాళ్లు, బట్టల అంగళ్ల వాళ్లు, పూజారులు, కరణాలు ఎవరూ నబీ రసూల్ ఇంట్లో గుక్కెడు నీళ్లు ముట్టరు. అతని సోడా మాత్రం అందరూ తాగుతారు. పెళ్లి పందిట్లో పప్పు, నెయ్యి, బూరెలు దండిగా తిన్న పెద్దమనుషులు పొట్ట నిమురుకుంటూ మొదట అడిగేది అతని సోడానే. ఎట్లా కుదిరిందంటే, ఎవరి సమాధానం వాళ్లకు ఉంది. గ్యాసు పట్టిన నీళ్లకు మైల లేదని కొందరు. గోలీ అడ్డం ఉన్నంతవరకు బయటి కులం లోపలి నీళ్లకు అంటదని మైదుకూరు నుంచి వచ్చిన ఒక పురోహితుడు తీర్పు చెప్పాడని ఇంకొందరు. తీర్పు చెప్పే ముందు ఆయన మూడు సోడాలు, చెప్పినాక ఒకటి తాగాడని కూడా అంటారు. ఏదైతేనేం, ఆ నీళ్లు ఎవరి బావివి, ఎవరు చేదారు అని అడగకుండా ఉండటం ఊరి మర్యాద. అడిగించుకోకుండా ఉండటం నబీ రసూల్ మర్యాద. అదే పెళ్లి పందిట్లో అతనికి దాహం వేస్తే ఎవరో పెరటి గుమ్మంలో నిలబడి పై నుంచి దోసిట్లో నీళ్లు పోసేవారు. అతను వంగి తాగేవాడు. అన్నిటికీ కోపం వచ్చే మనిషికి దాని మీద మాత్రం ఇరవై ఏళ్లు కోపం రాలేదు.

ఊరి పెద్దలు చందాలు వేసుకొని హైస్కూలు పెట్టినప్పుడు, గేటుకు ఎదురుగా అతను తడికెల అంగడి ఒకటి వేశాడు. కొన్నేళ్లలో అమ్మకంలో మూడొంతులు అక్కడే అయింది. పదమూడు మొదలు పద్దెనిమిదేళ్ల దాకా ఉన్న మగపిల్లలు, మూతి మీద నూగు మీసం, చేతిలో అణా. వాళ్లు సోడా తాగడం చూడాలంటే గేటు దగ్గరికే పోవాలి. గోలీని బొటనవేలితో ఒక్క నొక్కుకు దించినవాడు మొనగాడు. రెండు నొక్కులు నొక్కినవాణ్ణి వారం రోజులు ఏడిపించేవారు. టూరింగు టాకీసులో కొత్త బొమ్మ వచ్చిందంటే మరుసటి రోజు అందరూ ఒక భుజం వంచి, సీసా పైకెత్తి, కళ్లు అరమోడ్చి తాగేవారు. ఆడపిల్లల బడి బండి ఆ దారిన పోయే వేళకు, నిమ్మకాయ సోడా అడిగేవాడు కూడా ఎర్ర కలరు సోడా అడిగేవాడు, దూరం నుంచి బాగా కనబడుతుందని. నబీ రసూల్ వాళ్లను తిడుతూనే అమ్మేవాడు. వాళ్లు ఆ తిట్లకు కూడా కలిపి డబ్బులు ఇస్తున్నట్లు నవ్వుతూ నిలబడేవారు.

నయాపైసలు వచ్చిన మరుసటి ఏడు, మార్చి నెల ఎండల్లో గొడవ మొదలైంది.

బంగారు అంగడి రామకృష్ణయ్య శెట్టి స్కూలు కమిటీకి ప్రెసిడెంటు. ఆయన మనవడు జయరాం పదో తరగతి. ఏడు సోడాలు ఊపిరి తిప్పుకోకుండా తాగుతానని పందెం కట్టి, తాగి, డ్రిల్లు పీరియడులో నిలువునా కూలిపోయాడు. శెట్టి కారు మాట్లాడి పిల్లవాణ్ణి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి పట్టుకుపోయాడు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, కూర్చోబెట్టి, వీపు మీద రెండు చరిచింది. అప్పుడు వచ్చిన తేన్పుకు ఆసుపత్రి గేటు బయట నిలబెట్టిన జట్కా గుర్రం బెదిరి, బండితో సహా ముద్దనూరు రోడ్డు పట్టిందట. పిల్లవాడికి ఇంకేమీ లేదని, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరమ్మ చెప్పింది.

పిల్లవాడు లేచి కూర్చున్నాడు గాని, శెట్టికి జరిగిన తలవంపు లేచి కూర్చోలేదు. తన మనవడు పందెం కాసి పడ్డాడని ఆయన ఎట్లా ఒప్పుకుంటాడు? మరుసటి రోజుకే ఊరిలో ఇంకొక మాట పుట్టింది. నబీ రసూల్ సోడాలో ఏదో కలుపుతున్నాడట. ఒకసారి తాగిన పిల్లలు మళ్లీ మళ్లీ రావాలని మత్తుమందు వేస్తున్నాడట. హెడ్మాస్టరుకు ఆ మాట మీద నమ్మకం లేదు గాని, సినిమాలు చూసి పిల్లలు చెడిపోతున్నారన్న నమ్మకం ఉంది. డ్రిల్లు మాస్టరుకు బెత్తం తగ్గడం వల్లే ఇదంతా అన్న నమ్మకం ఉంది. మూడు నమ్మకాలూ కలిసి ఒక కాగితం అయ్యాయి. ఆదివారం కమిటీ ముందు వచ్చి సమాధానం చెప్పుకోవాలి, సోమవారం పొద్దుటికి గేటు ఎదుట అంగడి ఉండకూడదు. బంట్రోతు ఆ కాగితం తెచ్చి ఇచ్చి, తిట్లు తగలనంత దూరం పరుగెత్తి నిలబడ్డాడు.

ఆ రోజు నబీ రసూల్ తిట్టలేదు. అజ్మత్ బీ భయపడింది. అతను నోరు మూసుకున్నాడంటే లోపల చక్రం తిరుగుతున్నట్లే. అంగడి పోతే పోయింది, ఇంకొక మూల వేసుకోవచ్చు. కాని పిల్లలకు మత్తుమందు పోసినవాడని పేరు పడినవాడు ఏ మూల అంగడి వేసినా ఎవరు తాగుతారు? ఇరవై ఏళ్లు గుడ్డలో వడకట్టి పోసిన నీళ్లు. ఆమె ఒకే మాట అంది. పిల్లలు ఎందుకు తాగుతున్నారో ఊరంతా చెబుతున్నారు, తాగే పిల్లలను ఎవరన్నా అడిగారా అని. అతను ఆలోచించాడు. తను కూడా ఎప్పుడూ అడగలేదు. తిట్టడమే గాని.

గురువారం, శుక్రవారం అతను అమ్మకం కంటే చూడటం ఎక్కువ చేశాడు. మొనగాళ్లు వచ్చారు, సినిమా భుజాలు వచ్చాయి, ఎర్ర కలరు వాళ్లు బండి వేళకు వచ్చారు. వీళ్లందరి సంగతీ అతనికి తెలుసు. వీళ్లకు కావలసింది సోడా కాదు, చూసేవాడు. చూసేవాడు లేకపోతే సగం సీసా కిందనే పారబోస్తారు. మత్తు ఉంటే ఎవడన్నా పారబోస్తాడా?

అయితే ఇంకొక గుంపు ఉంది. ఆరుగురు. ఇంటర్వెల్ గంట కొట్టీ కొట్టకముందే అందరికంటే ముందు వస్తారు. గోలీ ఎట్లా దిగిందో చూసుకోరు. నవ్వరు. పందెం లేదు. గటగటా తాగి, సీసా జాగ్రత్తగా చెక్కపెట్టెలో పెట్టి, మూతి తుడుచుకొని పోతారు. వాళ్లలో ముందు నడిచేవాడు హరిజన హాస్టలులో ఉండే ఓబులేసు. జమ్మలమడుగు అవతల ఒక పల్లె నుంచి వచ్చినవాడు, పదహారేళ్లు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఆదివారాలు వేరుశనగ మిల్లులో మూటలు మోస్తాడని నబీ రసూల్‌కు తెలుసు. ఆ మూటలు గుర్తొచ్చి ఒళ్లు మండింది. శుక్రవారం ఇంటర్వెల్‌లో వాడి చేయి పట్టుకొని నిలబెట్టాడు.

“మూటలు మోసిన దుడ్లు తెచ్చి దినామూ సోడాకు పోస్తాండావేందిరా? మీ అమ్మకు తెలిస్తే నన్ను చెప్పుతో కొడుతుంది. ఏముందిరా దీంట్లో?”

“నీళ్లుండాయి మామా” అన్నాడు ఓబులేసు.

“ఎకసెక్కాలాడొద్దు.”

“ఎకసెక్కం కాదు. నీళ్లు తాగేకే వస్తాం.”

మిగిలిన అయిదుగురూ నేల చూపులు చూశారు. ఓబులేసు మెల్లగా చెప్పుకొచ్చాడు. బడి వరండాలో నీళ్ల బానలు ఉన్నాయి. నాగమ్మ అని ఒక పెద్దామె చెంబుతో పిల్లలకు పోస్తుంది. తమ ఆరుగురికీ అక్కడ కాదు. పక్క కిటికీ కింద బయట నిలబడాలి. అందరూ తాగడం అయినాక కిటికీలో నుంచి దోసిట్లో పోస్తుంది. అందరూ తాగేసరికి గంట కొడతారు. గంట తర్వాత పోతే బెత్తం. దెబ్బలైనా ఓర్చుకోవచ్చు గాని, ఆ కిటికీ కింద చేతులు చాపి నిలబడితే లోపలి నుంచి తరగతి వాళ్లు చూస్తుంటారు.

“సోడా అయితే ఎవురన్నా ఒకటే గదా మామా. నీ సీసా నేను నోటికి ఆనిచ్చి తాగుతా. నువ్వు కడిగి మల్లా నింపుతావు. ఇంకొకాయన తాగుతాడు. ఎవురూ అడగరు. అణా పడేస్తే ఆ ఒక్క నిమిషం నేనూ అందరి లెక్కనే.”

నబీ రసూల్ వాడి చేయి వదిలేశాడు. అణా వెనక్కి ఇవ్వబోతే ఓబులేసు తీసుకోలేదు. ఊరికే తాగడానికి ఇది కిటికీ కాదు కదా అన్నాడు. ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

శనివారం ఇంటర్వెల్‌కు అతను అంగడి అజ్మత్ బీకి ఒప్పజెప్పి, బడి ప్రహరీ గోడ పక్కన ఇటుకల కుప్ప ఎక్కి చూశాడు. వరండాలో కోలాహలం. కిటికీ కింద ముగ్గురు పిల్లలు, అణా లేనివాళ్లు, ఎండలో నిలబడి ఉన్నారు. గంట కొట్టబోయే ముందు కిటికీలో చెంబు కనబడింది. నీళ్లు జానెడు ఎత్తు నుంచి కాదు, మూడు మూరల ఎత్తు నుంచి పడ్డాయి. సగం చొక్కాల మీద, సగం నేల మీద. నాగమ్మ ముఖంలో కసి లేదు, జాలి లేదు. ఎవరో చెప్పిన పని చేసే ముఖం. పిల్లలు వంగిన తీరు చూశాక అతనికి తన సొంత వీపు కనబడింది. పెరటి గుమ్మాల దగ్గర, పెళ్లిళ్లలో, ఇరవై ఏళ్లుగా వంగిన వీపు. అప్పుడు వచ్చిన కోపంలో సగం వాళ్ల మీద, సగం తన మీద. ఇన్నాళ్లూ రాకుండా ఎక్కడ దాక్కుందో గాని, మొత్తం ఒక్కసారే వచ్చింది. ఇటుకల కుప్ప కదిలి కూలిపోయింది. అతని కోపానికే కూలిందని చూసినవాళ్లు అన్నారు. అతను మోకాలు చెక్కుకుపోయి, కుంటుకుంటూ అంగడికి వచ్చాడు.

ఆదివారం పొద్దున పది గంటలకు కమిటీ కూర్చుంది. హాలులో బల్ల వెనక రామకృష్ణయ్య శెట్టి, పక్కన హెడ్మాస్టరు, వాళ్లకు అటూ ఇటూ అయిదారుగురు వ్యాపారులు. సంగతి ఏమవుతుందో చూద్దామని కిటికీల దగ్గర పిల్లలు మూగారు. బల్ల మీద కాగితాలు, పేపరు వెయిటు, ఒక వెండి గ్లాసు. గ్లాసు పక్కన అప్పుడే కొట్టిన సోడా సీసా. పొద్దున ఫలహారం దండిగా అయితే శెట్టికి అది ఉండాల్సిందే. ఏ అంగడిని ఎత్తేయించడానికి కూర్చున్నాడో ఆ అంగడి సోడానే ముందు రోజు బంట్రోతుతో తెప్పించి పెట్టుకున్నాడు. అది తప్పు అని ఆ హాలులో ఎవరికీ తోచలేదు.

హెడ్మాస్టరు కాగితం చదివాడు. విద్యార్థులలో సోడా దురలవాటు ప్రబలుతున్నదని, క్రమశిక్షణ సన్నగిల్లుతున్నదని, పానీయంలో హానికర పదార్థాలు ఉన్నట్లు వదంతులు ఉన్నవని. శెట్టి గ్లాసులో ఇంకొంచెం పోసుకొని, ఏం కలుపుతున్నావో నిజం చెబితే పోలీసుల దాకా పోకుండా చూస్తానని అన్నాడు.

“కలిపినానని మీకు తెలిస్తే ఎందుకు తాగుతాండారు సెట్టీ?” అన్నాడు నబీ రసూల్.

ఒకరిద్దరు నవ్వారు. శెట్టి ముఖం గంటు పెట్టుకొని, పెద్దవాళ్లు తాగడం వేరు, పిల్లలు తాగడం వేరు అన్నాడు. ఈ వయసు పిల్లలు ఎందుకు ఇంతగా ఎగబడుతున్నారో చెప్పమన్నాడు.

నబీ రసూల్ చెప్పాడు. మీ మనవడు చూసేవాళ్ల కోసం తాగుతాడు, చూసేవాళ్లను తీసేయండి, మానేస్తాడు అన్నాడు. తర్వాత కిటికీ సంగతి ఎత్తాడు. ఆరుగురు పిల్లలు నీళ్ల కోసం సోడా కొంటున్నారని, అణా లేనివాళ్లు ఎండలో దోసిలి పట్టుకొని నిలబడుతున్నారని. ఒక వ్యాపారి విసుగ్గా, అది వేరే విషయం, ఎవరి కట్టుబాటు వాళ్లది, నీళ్ల దగ్గర తేడాలు తాము పెట్టినవి కావు, సోడా సంగతి మాట్లాడు అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే నబీ రసూల్ బతుకు ఇంకొక రకంగా ఉండేది. నెలా రెండు నెలలు కాళ్లావేళ్లా పడితే అంగడి నిలిచేది. ఇరవై ఏళ్ల మర్యాద నిలిచేది. అతను ఆగలేదు. రెండు అడుగులు ముందుకు వేసి బల్ల మీది సీసాను చేతిలోకి తీసుకున్నాడు.

“సోడా సంగతే మాట్లాడతాండా. ఇవి ఎవురి నీళ్లు సెట్టీ?”

సీసాను అందరికీ కనబడేట్లు పైకెత్తాడు.

“మా ఇంటి బాయి నీళ్లు. మా అజ్మత్ బీ చేదిన నీళ్లు. మా ఇంట్లో వాడిన గుడ్డలో వడకట్టినవి. గ్యాసు తప్ప ఏమీ కలపలేదు. ఇంగ ఈ సీసా. దీని మూతి కాడ చిన్న పెచ్చు ఊడింది చూడండి, అందుకే గుర్తు. మొన్న శుక్రవారం ఓబులేసు తాగినాడు దీంట్లో. నోటికి ఆనిచ్చి. నేను కడిగి నింపితి, మీ బంట్రోతు పట్టుకపాయె. ఆ పిల్లోనికి మీ కిటికీలో నుంచి మూడు మూరల ఎత్తున పోస్తారు. వాడు తాగిన సీసాలోది మీరు వెండి గ్లాసులో పోసుకుంటారు. ఇరవై ఏండ్లుగా మీకు తెలుసు, నాకు తెలుసు. మత్తు ఎవురికి ఎక్కింది సామీ?”

శెట్టి చేతిలో గ్లాసు సగం దారిలో ఆగిపోయింది. మింగిన గుక్కను ఏం చేయాలో తెలియక ఆయన ముఖం మొదట ఎర్ర కలరు సోడా అయింది, తర్వాత నిమ్మకాయ సోడా అయింది. గ్లాసును బల్ల మీద పెట్టలేదు, తాగలేదు. పూజకు పట్టుకున్నట్లు రెండు చేతులతో పట్టుకొని అట్లే కూర్చున్నాడు. కిటికీల దగ్గర పిల్లలు తోసుకుంటూ ముందుకు వంగారు. మిల్లు పని మానుకొని ఓబులేసు కూడా వాళ్లలో ఉన్నాడు.

ముందుగా తేరుకున్నది హెడ్మాస్టరు. ఆయన చదువుకున్న మనిషి. నీళ్ల దగ్గర మనుషులను వేరు చేస్తే నేరమని ఢిల్లీలో మూడేళ్ల కిందట చట్టం వచ్చిన సంగతి ఆయనకు తెలుసు. ఇంతమంది పిల్లల ముందు ఇంత గట్టిగా బయటపడిన మాట కడపకు, కలెక్టరు దాకా పోతే ఏమవుతుందో కూడా తెలుసు. శెట్టి చెవిలో ఏదో చెప్పాడు. అరగంట గుసగుసల తర్వాత తీర్మానం అయింది. అంగడిని ప్రస్తుతానికి అట్లాగే ఉండనివ్వాలి. విద్యార్థుల సౌకర్యార్థం ఆవరణలో కొళాయి బిగించిన ఇనుప డ్రమ్ము ఒకటి పెట్టాలి, ఎవరికి వారే తిప్పుకొని తాగాలి. ఎందుకు అన్నది తీర్మానంలో రాయలేదు. కిటికీ అన్న మాట ఎక్కడా రాలేదు.

డ్రమ్ము పది రోజుల్లో వచ్చింది. నాగమ్మ ఇప్పుడు దాన్ని నింపే పని చేస్తుంది. మొదటి రోజు తను కూడా ఆ కొళాయి తిప్పి దోసిట్లో పట్టుకొని తాగి, చుట్టూ చూసి, ఏమీ కాలేదన్నట్లు కొంగుతో మూతి తుడుచుకుందట. బెల్లు కొట్టగానే ఓబులేసు వాళ్లు డ్రమ్ము దగ్గరికే పోయారు. గేటు వైపు చూడలేదు. చూడవలసిన పని కూడా లేదు.

అంగడి నిలిచింది. తాగేవాళ్లు నిలవలేదు. ఇరవై ఏళ్లుగా అందరూ తెలిసీ తెలియనట్లు ఉన్న సంగతి ఒకసారి నోటితో అన్నాక, ఎవరూ తెలియనట్లు ఉండలేకపోయారు. ఆ ఏడు పెళ్లిళ్లకు శెట్ల ఇళ్ల నుంచి ఒక్క కబురు రాలేదు. సోడాలు ఇంకెవరి దగ్గర తెచ్చుకున్నారో, ఆ ఇంకెవరో కూడా ఎవరి బావి నీళ్లు పోశాడో, అది మాత్రం వాళ్లు అడగలేదు. మొనగాళ్లకు, సినిమా భుజాలకు ఇళ్లలో గట్టిగా చెప్పారు, ఆ సీసా ముట్టుకుంటే ఇంట్లోకి రావద్దని. మత్తుమందు పుకారుకు మానని పిల్లలు దీనికి మానారు.

వేసవి సెలవులకు ముందు చివరి రోజు జయరాం ఒక్కడే వచ్చాడు. అటూ ఇటూ చూసి, ఒక కలరు సోడా కావాలని, అంగడి వెనక గోడ చాటున తాగి సీసా ఇచ్చేస్తానని అడిగాడు.

“ఈడనే తాగు. రోడ్డు మీద నిలబడి తాగు” అన్నాడు నబీ రసూల్.

“తాత చూస్తే సంపుతాడు మామా.”

“అట్లయితే మీ తాత ఇచ్చేది తాగు, పో.”

పిల్లవాడు కాసేపు తచ్చాడి పోయాడు. వాడు మలుపు తిరిగేదాకా నబీ రసూల్ తిట్టాడు. తర్వాత తాతను తిట్టాడు. తర్వాత, గేటు వైపు తిరిగి చూడని ఓబులేసును కూడా తిట్టాడు. వాడు నీళ్లు తాగుతున్నందుకు నీకెందుకు కోపమని అజ్మత్ బీ అడిగింది. అతనికి తను గెలిచినందుకు కోపం, గెలిచి ఉత్త చేతులతో మిగిలినందుకు కోపం. అన్నిటికంటే, ఆ హాలులో ఒక్కడన్నా లేచి, తెలుసు, తెలిసే తాగాం అని ఒప్పుకోనందుకు కోపం.

ఎత్తేయమన్నప్పుడు ఎత్తేయని అంగడిని ఎవరూ ఎత్తేయమనకుండా తనే విప్పాడు. మిషను, సిలిండరు, సీసాల పెట్టెలు మళ్లీ బండి ఎక్కాయి. ఈసారి అజ్మత్ బీ ముందు కూర్చుంది. పులివెందులలో బస్సులు ఆగే చోట చిన్న బంకు దొరికింది. మెట్ట నేల, దుమ్ము, దాహం. సోడాకు అంతకంటే మంచి ఊరు లేదు.

అక్కడ అతను ఒక పద్ధతి పెట్టాడు. బంకు ముందు తడిగుడ్డ చుట్టిన మట్టికుండ, దాని మీద రేకు గ్లాసు. సోడా అడిగిన ప్రతి మనిషీ ముందు ఆ కుండలో నుంచి ఒక గుక్క నీళ్లు తాగాలి. అప్పుడే సోడా. తాగనివాడు బంగారం ఇచ్చినా లేదు. అజ్మత్ బీ నెత్తి కొట్టుకుంది. ఇట్లాంటి వ్యాపారం ప్రపంచంలో ఎవడన్నా చేస్తాడా అంది. అతను వినలేదు.

మొదటి మే నెలలో కదిరి బస్సు దిగి ఒక చీనీకాయల తోటల ఆసామి వచ్చాడు. భుజాన జరీ కండువా, నోరు ఎండిపోయి పెదవులు అంటుకుపోతున్నాయి. అప్పటికే ఆ ఊరి హైస్కూలు పిల్లలు పదిమంది బంకు చుట్టూ ఉన్నారు. ఆ కుండ సంగతి తెలిసి, ఇంట్లో వద్దన్నారు కాబట్టి తప్పకుండా వచ్చేవాళ్లు వాళ్లు. గుక్క నీళ్లు తాగి, సోడా తాగి, తర్వాత ఎవరు తాగుతారో ఎవరు తాగరో చూస్తూ అక్కడే నిలబడటం వాళ్లకు సినిమా కంటే బాగుండేది.

ఆసామి సోడా అడిగాడు. నబీ రసూల్ కుండ చూపించాడు.

“నాకు నీళ్లొద్దప్పా. సోడా కావల్ల.”

“సోడా అంటే ఏందనుకుంటాండావు? ఆ కుండలోని నీళ్లే. గ్యాసు పట్టించినాను, అంతే.”

“నీ యెచ్చులు నాకాడ గాదు. దుడ్లు ఇస్తాండా గదా.”

“దుడ్లు ఎవురు అడిగినారు? నీళ్లు తాగనోనికి సోడా లేదు.”

ఆసామి కుండ వైపు చూశాడు, చేతికి అందేంత దూరంలో నీళ్లు కారుతున్న సోడా సీసా వైపు చూశాడు. బస్సు హారను కొట్టింది. ఆయన కండువాతో పెదవులు తుడుచుకొని, వెనక్కి పోయి బస్సు ఎక్కాడు. నబీ రసూల్ బంకులో నుంచి బయటికి వచ్చి, దుమ్ములో కనబడకుండా పోయేదాకా ఆ బస్సును తిట్టాడు. ఆసామినే కాదు, డ్రైవరును, టైర్లను, కదిరి ఊరిని కూడా.

తిరిగి వచ్చేసరికి ఒక పిల్లవాడు అప్పటికే రేకు గ్లాసు కడిగి ముంచుకొని తాగుతున్నాడు. గడ్డం మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

“మెల్లగా తాగరా, కొరబోయి దగ్గొస్తుంది” అని వాడిని కూడా కసిరి, నబీ రసూల్ ఒక సీసా తీసి గోలీ దించాడు.